మూన్‌స్టోన్ లాంటి పాత డిటెక్టివ్ నవలలు ఇప్పటికీ ఎందుకు వదలవు?

రాత్రిబండి
శనివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఈ నెలంతా నైట్ షిఫ్టులు, మధ్యలో ఖాళీ దొరికినప్పుడల్లా ఇంగ్లీషు రచయిత విల్కీ కాలిన్స్ రాసిన మూన్‌స్టోన్ చదివా. 1868 నాటి నవల. మొదట్లో ఆ ఇంటి పెద్ద నౌకరు బెటరెడ్జ్ రాబిన్సన్ క్రూసో గురించీ తన చచ్చిపోయిన భార్య గురించీ చెప్పుకుంటూ పోతుంటే ఇదేం డిటెక్టివ్ కథ అనిపించింది. నాలుగో రోజుకి షిఫ్ట్ అయిపోయి ఇంటికొచ్చి కూడా పడుకోకుండా చదువుతున్నా, నిన్న తెల్లవారుజామున అయిపోయింది.

నాకు అర్థం కానిదేంటంటే, మొదట్లో వచ్చే ఆ యుద్ధం సంగతి పక్కనపెడితే ఈ కథలో చాలాసేపు పెద్దగా ఏమీ జరగదు. రేచల్ అనే అమ్మాయికి పద్దెనిమిదో పుట్టినరోజుకి ఒక వజ్రం వస్తుంది, తెల్లారేసరికి కనపడదు, అంతే. ఇప్పటి థ్రిల్లర్లలో మొదటి పేజీలోనే శవం ఉంటుంది, అయినా నేను యాభయ్యో పేజీ దాటలేక వదిలేసినవి బోలెడున్నాయి. దీన్నేమో వదల్లేకపోయా. ఎందుకు? షెర్లాక్ హోమ్స్ కథల్ని కూడా కలిపి చెప్పండి, విక్టోరియా కాలం నాటి డిటెక్టివ్ కథలన్నిటి గురించీ మాట్లాడుకుందాం. స్పాయిలర్ ఉంటే మాత్రం పోస్ట్ పైనే రాయండి ప్లీజ్.


అద్దెపుస్తకం
ఆదివారం, ఉదయం 7:05

మీరు దాన్ని పుస్తకంగా చదివారు గానీ ఆయన పుస్తకంగా రాయలేదండీ, వారం వారం రాశాడు. డికెన్స్ నడిపిన ఆల్ ది ఇయర్ రౌండ్ అనే వారపత్రికలో 1868 జనవరి 4 నుంచి ఆగస్టు 8 దాకా, 32 వారాలు సీరియల్‌గా వచ్చింది. పత్రిక వెల రెండు పెన్నీలు. అదే నవల మూడు వాల్యూముల సెట్టుగా కొనాలంటే 31 షిల్లింగుల 6 పెన్నీలు, అంటే పత్రిక వెలకి 189 రెట్లు. సొంతంగా కొనే స్తోమత ఎంతమందికి ఉంటుంది చెప్పండి, అందుకే జనం లైబ్రరీకి చందా కట్టి తెచ్చుకునేవాళ్ళు, లేకపోతే పత్రికలో చదివేవాళ్ళు. పబ్లిషర్ విలియం టిన్స్‌లీ తర్వాతెప్పుడో తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు, కొత్త సంచిక వచ్చే రోజు వెల్లింగ్టన్ వీధిలో పత్రిక ఆఫీసు ముందు జనం గుమిగూడేవాళ్ళట, మూటలు మోసే కూలీలు వీపు మీద బరువు దించకుండానే ఓ మూలకి పోయి చదువుకునేవాళ్ళట, వజ్రం చివరికి ఎక్కడ దొరుకుతుందో అని పందేలు కూడా కాసేవాళ్ళట.

నాకు ఇది చదివినప్పుడు మా చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది. వారపత్రిక వచ్చిన రోజు మా అమ్మమ్మ ముందు, తర్వాత పిన్ని, తర్వాత పక్కింటి ఆవిడ, చివర్లో మేము. సీరియల్ చివర సశేషం అని ఉండేది కదా, ఆ మాట కిందే ఆగిపోయి వారమంతా మాట్లాడుకునేవాళ్ళు, ఫలానా వాడే చేసుంటాడు, కాదు ఆ మరదలే. కథ పేజీల్లో ఓ పావుగంట నడిస్తే ఇంట్లో వారం రోజులు నడిచేది. కాలిన్స్‌కి ఈ సంగతి బాగా తెలుసు. ఎక్కడ ఆపితే జనం నోళ్ళలో నానుతుందో అక్కడే ఆపుతాడు. చాలాసార్లు అక్కడ పెద్ద సంఘటన ఏమీ ఉండదు. ఒక మనిషి చేయాల్సిన పని చేయకపోవడమో, మాట్లాడాల్సిన చోట మాట్లాడకపోవడమో, అంతే ఉంటుంది.


చైతూ_99
ఆదివారం, ఉదయం 9:48

సర్ ఒక డౌట్. సీరియల్ వల్లే సస్పెన్స్ అంటున్నారు కదా, మరి రాత్రిబండి అన్న పుస్తకంగా ఏకబిగిన చదివేశాడు, అన్నకి వారం వారం ఆగే పనే లేదు. అయినా పట్టేసింది. అంటే కారణం వేరే ఎక్కడో ఉండాలి కదా?


పాలమూరు_పిల్ల
ఆదివారం, మధ్యాహ్నం 1:30

చైతూ మంచి ప్రశ్న అడిగినవ్. నేను ఈ నవల రెండుసార్లు చదివిన, నాకు దొరికిన జవాబు ఏందంటే, ఈ పుస్తకంల కథ అందరు జెప్తరు గని ఎవ్వరికి మొత్తం దెల్వదు. బెటరెడ్జ్ ఒక కాడ సక్కగ జెప్తడు సూడు, ఆ రోజు నాకు ఎంత దెలుసో అంతనే రాయాలె, తర్వాత దెలిసింది ఇప్పుడు జెప్పొద్దు, అట్ల నాకు హుకుం ఉన్నది అని. అంటే గా ముసలాయనకి రాసేటప్పటికి దొంగ ఎవరో దెలుసు! దెలిసి కూడ నోరు మూసుకొని రాస్తున్నడు. మనకి ఆ సంగతి దెలిసిపోతది, ఇగ ఆయన ప్రతి మాట మనం రెండుసార్లు సూస్తం, ఇక్కడ ఏమన్న దాస్తున్నడా అని.

తర్వాత క్లాక్ అనే ఆవిడ వస్తది, భక్తి ఎక్కువ, అందరికి నీతులు జెప్తది. ఆమె కూడ తర్వాత దెలిసినయి కలుపుతనంటది, కలపొద్దు, నీ డైరీల ఆనాడు ఏమున్నదో గదే రాయి అని, అందరితోని ఈ కథ రాయిస్తున్న ఫ్రాంక్లిన్ బ్లేక్ గట్టిగ జెప్తడు. ఉత్తరాలు రాసుకుంటరు ఇద్దరు దాని మీద. నాకు ఆ ఉత్తరాలు చదువుతుంటే ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే రచయిత తన పని ఎట్ల చేస్తున్నడో మన ముందర్నే పెట్టేసి మళ్ళ మనల్నే పట్టుకుంటున్నడు.


వకీలు_కలం
ఆదివారం, సాయంత్రం 6:15

పాలమూరు_పిల్ల గారు చెప్పింది అక్షరాలా మా కోర్టు పద్ధతి. సాక్షి తను కళ్ళారా చూసింది, చెవులారా విన్నది మాత్రమే చెప్పాలి. ఎవరో చెప్పగా విన్నానంటే అవతలి లాయరు వెంటనే లేస్తాడు. కాలిన్స్ కూడా లా చదివి 1851లో బారిస్టర్ పట్టా పుచ్చుకున్నవాడే, ప్రాక్టీస్ మాత్రం చేయలేదు. మూన్‌స్టోన్‌కి కొన్నేళ్ళ ముందు రాసిన నవల ది వుమన్ ఇన్ వైట్ మొదట్లోనే చెప్తాడు, ఒకప్పుడు జడ్జి ముందు సాక్షులు ఎలా చెప్పేవారో అలాగే ఈ కథ పాఠకుడి ముందుకు వస్తుందని. అంటే మనల్ని జడ్జి కుర్చీలో కూర్చోబెట్టేశాడు. ఇరవై ఏళ్ళుగా సాక్షుల్ని చూస్తున్నా, నిజం చెప్పే సాక్షి కూడా తనకి తెలియకుండానే కొంత వదిలేస్తాడు, వదిలేసిన దాంట్లోనే కేసు ఉంటుంది. వీళ్ళలో చాలామంది నిజాయితీగానే చెప్తున్నారు, అయినా నిజం బయటికి రావట్లేదు, మూన్‌స్టోన్‌లో నన్ను కట్టిపడేసింది అదే. అబద్ధాలాడే సాక్షుల్ని పెట్టి ఉంటే అంత బిగువు ఉండేది కాదు.

ది వుమన్ ఇన్ వైట్‌లో ఒక చోటు మాత్రం చెప్పకుండా ఉండలేను, చిన్న స్పాయిలర్. మేరియన్ వానలో తడుస్తూ వరండా కప్పు మీద కూర్చుని కుట్రదారుల మాటలు వింటుంది, జ్వరం తెచ్చుకుంటుంది, డైరీ రాస్తూ రాస్తూ అక్షరాలు చెదిరిపోయి ఆగిపోతుంది. దాని కింద ఇంకో చేతిరాత మొదలవుతుంది. అది ఆ కుట్రదారుల్లో ఒకడైన కౌంట్ ఫోస్కోది. అంటే ఆమె ఎవరి గురించైతే రాస్తోందో వాడే ఆమె డైరీ మొత్తం చదివేశాడు, చదివి మెచ్చుకుంటూ కింద రాశాడు కూడా. మనం ఇన్ని రోజులూ భద్రంగా ఒక గదిలో కూర్చుని ఆమెతో మాట్లాడుతున్నాం అనుకుంటే వాడు తలుపు తీసుకుని లోపలికొచ్చినట్టయింది నాకు. నేను ఆ పేజీ చదివింది రైల్లో, చుట్టూ జనం ఉన్నా వెనక్కి తిరిగి చూశాను.


చైతూ_99
ఆదివారం, రాత్రి 8:02

వకీలు గారూ ఆ డైరీ సీన్ అదిరింది, ఇవాళే మొదలుపెడతా. కానీ నా ఓటు ఇప్పటికీ హోమ్స్‌కే. మూన్‌స్టోన్‌లో క్లాక్ భాగం నాకు చాలా సాగినట్టు అనిపించింది, అక్కడ రెండు వారాలు ఆపేశా. హోమ్స్ కథ ఒక్కొక్కటి ముప్పావుగంటలో అయిపోతుంది, సశేషం అవసరమే లేదు, అయినా ఊపిరి బిగపట్టే చదువుతాం. అది ఎలా కుదిరింది మరి?


అద్దెపుస్తకం
ఆదివారం, రాత్రి 9:40

చైతూ, అది హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ కావాలనే చేసిన పని. 1924లో వచ్చిన ఆత్మకథలో చెప్పాడు, పత్రికలో సీరియల్ వేస్తే ఒక్క సంచిక మిస్సయిన పాఠకుడికి మొత్తం ఆసక్తి పోతుంది, అలాకాకుండా మనిషి ఒకడే ఉండి కథ మాత్రం ఏ సంచికకి ఆ సంచికే పూర్తయిపోతే అందరికీ బాగుంటుందని. స్ట్రాండ్ మ్యాగజైన్ 1891 జనవరిలో మొదలైంది, ఆరు పెన్నీలు, జూలై సంచికలో హోమ్స్ మొదటి పొట్టి కథ ఎ స్కాండల్ ఇన్ బొహీమియా వచ్చింది. దానికి ముందు హోమ్స్ రెండు నవలల్లో కనిపించాడు. మొదటిది ఎ స్టడీ ఇన్ స్కార్లెట్, 1887లో బీటన్స్ క్రిస్మస్ యాన్యువల్‌లో వచ్చింది. దాని హక్కులన్నీ కలిపి డాయిల్ చేతికొచ్చింది 25 పౌండ్లు. ఆ రెండు నవలలతో రాని పేరు ఈ పొట్టి కథలతో వచ్చేసింది.

అంటే కాలిన్స్ ఆపి ఆపి నిలబెట్టిన సస్పెన్స్‌ని డాయిల్ ఆపకుండా నిలబెట్టాలి. ఆయన దగ్గరున్న ఆయుధం వాట్సన్, హోమ్స్ పక్కనే ఉండి మనకి కథ చెప్పే స్నేహితుడు.


పొలంగట్టు
ఆదివారం, రాత్రి 10:30

వాట్సన్ అన్నారు కాబట్టి ది స్పెకిల్డ్ బ్యాండ్ గురించి రాస్తా, నాకు హోమ్స్ కథలన్నిట్లో ఇదే ఇష్టం, డాయిల్‌కి కూడా ఇదే ఇష్టమట, 1927లో తన కథల్లోంచి పన్నెండు ఎంచమంటే దీన్నే మొదట పెట్టాడు. 1892 ఫిబ్రవరిలో వచ్చింది. కింద మొత్తం స్పాయిలరే.

హెలెన్ అనే ఆవిడ పొద్దున్నే వణుకుతూ వస్తుంది, చలికి కాదు భయానికి అంటుంది. రెండేళ్ళ కింద కవల సోదరి చచ్చిపోతూ చుక్కల పట్టీ అని అరిచింది, ఇప్పుడు తనని కూడా అదే గదిలో పడుకోమన్నారు, రాత్రి అదే ఈల వినపడింది. హోమ్స్, వాట్సన్ ఇద్దరూ వెళ్ళి గది చూస్తారు. లాగితే మోగని గంటతాడు, బయటికి కాకుండా పక్కగదిలోకి తెరుచుకునే గాలికన్నం, నేలకి బిగించేసిన మంచం, పక్కగదిలో ఇనప్పెట్టె, దాని మీద పాల గిన్నె. అన్నీ మనకి చూపించేశాడు! ఒక్కటి కూడా దాచలేదు. నీకు నాకంటే ఎక్కువ కనిపించినట్టుందే అని వాట్సన్ అంటే, నేను చూసిందంతా నువ్వూ చూశావు, కాకపోతే నేను ఇంకొంచెం ఊహించానేమో అంటాడు హోమ్స్. అక్కడినుంచి మన పరిస్థితి వాట్సన్ పరిస్థితే, పక్కనే తెలిసినవాడు ఉన్నాడు, చెప్పట్లేదు.

తర్వాత ఆ చీకటి గది. దీపం లేదు, మాట లేదు, బల్ల మీద వాట్సన్ పిస్తోలు. ఊళ్ళో గడియారం పన్నెండు కొడుతుంది, ఒకటి, రెండు, మూడు. ఏమీ జరగదు. హోమ్స్ ఒక్కసారి లేచి అగ్గిపుల్ల గీసి కర్రతో తాడుని బాదుతాడు, చూశావా వాట్సన్ చూశావా అంటాడు, వాట్సన్‌కి ఏమీ కనపడదు! కథ అంతా దేనికోసం ఎదురుచూశామో అది వచ్చింది, మన కళ్ళు మాత్రం వాట్సన్ కళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. మాది పల్లెటూరు, పాములు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆ చుక్కల పట్టీ నిజానికి ఒక పాము, పక్కగదిలో ఉండే సవతి తండ్రి గాలికన్నంలోంచి తాడు మీదకి వదిలి ఈలతో వెనక్కి పిలుస్తాడు. దాన్ని ఇండియాలోకెల్లా విషమైన స్వాంప్ ఆడర్ అని రాశాడు, ఆ పేరుతో ఇక్కడ ఏ పామూ లేదు. పాము ఈల వినదు, మన చెవి విన్నట్టు దానికి గాల్లో శబ్దం అంత బాగా అందదు. పాలు దానికి ఆహారం కాదు, నాగులచవితికి మనం పుట్టలో పోసే పాలు మన భక్తి, అంతే. ఈలకి తాడెక్కి తిరిగి రావడం అనేది అసలే జరిగే పని కాదు. ఇవన్నీ తెలిసి కూడా ఆ గడియారం మూడు కొట్టేటప్పటికి నా గుండె దడదడలాడింది, ఇప్పటికి ఆరేడు సార్లు చదివుంటా, ప్రతిసారీ అంతే. అంటే భయం పాములో లేదన్నమాట, ఆ మూడు గంటలు కూర్చోబెట్టడంలో ఉంది.


పాతకాపీ
సోమవారం, ఉదయం 6:20

మంచి చర్చ. రిటైరైన తర్వాత నేను ఎక్కువగా చదివింది ఈ కాలం గురించే, కాబట్టి ఒక ముఖ్యమైన విషయం కలుపుతాను. వెనక ఉన్న లోకాన్ని చూడకపోతే ఈ సస్పెన్స్ సగమే అర్థమవుతుంది.

లండన్ పోలీసుల్లో డిటెక్టివ్ విభాగం మొదలైంది 1842లో, మొత్తం ఎనిమిది మంది. మామూలు బట్టల్లో తిరిగి ఇళ్ళలోకి వచ్చి ప్రశ్నలడిగే మనిషి అప్పటి జనానికి కొత్త. ఆ ఎనిమిది మందిలో జొనాథన్ విచర్ ఒకడు. 1860 జూన్ చివర్లో విల్ట్‌షైర్‌లోని రోడ్ అనే ఊళ్ళో ఒక పెద్దింట్లో నాలుగేళ్ళు నిండని పసివాణ్ణి రాత్రిపూట ఎవరో చంపేశారు. బయటినుంచి ఎవరూ తలుపులు పగలగొట్టి వచ్చిన జాడ లేదు, అంటే చేసింది ఇంట్లోవాళ్ళే అన్న అనుమానం. రెండు వారాల తర్వాత విచర్ వచ్చాడు. ఆ పిల్లవాడి సవతి అక్క కాన్‌స్టన్స్ కెంట్, పదహారేళ్ళది, ఆమె నైట్‌డ్రెస్సుల్లో ఒకటి లెక్కకి రావట్లేదని పట్టుకున్నాడు. చాకలి పద్దు చూసి! అరెస్టు చేశాడు, సాక్ష్యం చాలక వదిలేశారు. ఒక తోటమాలి కొడుకు వచ్చి పెద్దింటి ఆడపిల్ల లోదుస్తులు లెక్కపెట్టడమా అని పత్రికలూ జనమూ ఆయన మీద విరుచుకుపడ్డారు. 1864లో ఉద్యోగం వదిలేశాడు. 1865లో ఆ అమ్మాయి తనే చేశానని ఒప్పుకుంది.

ఇప్పుడు మూన్‌స్టోన్ గుర్తు చేసుకోండి. వజ్రం కేసు చూడ్డానికి వచ్చిన డిటెక్టివ్ సార్జెంట్ కఫ్ తండ్రి నర్సరీ తోటలో పెరిగినవాడు, గులాబీలంటే ప్రాణం. చాకలి పద్దు అడుగుతాడు. ఒక నైట్‌గౌను కోసం వెతుకుతాడు. పెద్దింటి అమ్మాయినే అనుమానిస్తాడు. ఎనిమిదేళ్ళ కిందటి కేసు, మూడేళ్ళ కిందటి ఒప్పుకోలు, చదివేవాళ్ళందరికీ గుర్తుండే ఉంటాయి. మనకి ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఆ కాలపు ఇంగ్లీషు మధ్యతరగతి ఇంట్లో భయమంతా ఇదే, పట్టుకోకపోతే దొంగతో కలిసి భోంచేయాలి, పట్టుకుంటే ఇంటిగుట్టు వీధిన పడుతుంది. పాఠకుడికి రెండూ ఇష్టం లేదు, అయినా పేజీ తిప్పాలి. పెద్దగా ఏమీ జరగకుండానే ఎందుకు పట్టేసుకుంది అని రాత్రిబండి గారు అడిగారు కదా, ఇది నా జవాబు.


రాత్రిబండి
సోమవారం, ఉదయం 8:10

పాతకాపీ గారూ, ఇది నాకస్సలు తెలీదు. ఆ రంగు మరక సీన్ ఇప్పుడు ఇంకోలా కనిపిస్తోంది. చదవనివాళ్ళ కోసం, ఇందులో పెద్ద స్పాయిలర్ లేదు. రేచల్ గది తలుపుకి కొత్తగా రంగులు వేస్తారు, తెల్లారి చూస్తే ఒకచోట చెరిగి ఉంటుంది. లోకల్ పోలీసాయన అదేముంది చిన్న విషయం, పనమ్మాయిల పావడాలు తగిలుంటాయి అనేస్తాడు. కఫ్ వచ్చి, ఈ మురికి లోకంలో నాకు ఇప్పటిదాకా చిన్న విషయం అనేది తగల్లేదు అంటాడు. తర్వాత లెక్క కడతాడు. రంగు వేయడం అయిపోయింది బుధవారం మధ్యాహ్నం మూడింటికి, ఆరడానికి పన్నెండు గంటలు, అంటే తెల్లవారుజాము మూడింటికి ఆరిపోయింది. పనమ్మాయిలు అక్కడ గుంపుగా నిలబడ్డది పదకొండింటికి. ఎనిమిది గంటల ముందే ఆరిపోయిన రంగు చెరగదు కదా, మరి ఎవరి బట్ట తగిలింది? అంతే, ఇంట్లో అందరి బట్టలూ ఒక్కసారిగా అనుమానాస్పదం అయిపోయాయి. తుపాకీ లేదు రక్తం లేదు, ఆరని రంగు ఒక్కటే.


పాలమూరు_పిల్ల
సోమవారం, మధ్యాహ్నం 2:45

ఇంకోటి ఎవ్వరు మాట్లాడలే, నేను మాట్లాడుత. మనం చదివేటప్పుడు ఈ నవలల ఇంకో సస్పెన్స్ ఉంటది, ఇంగ్లీషోళ్ళకి ఉన్నదో లేదో నాకు దెల్వదు. ఆ వజ్రం ఎక్కడిది? సోమనాథ్ దేవునిది. 1799ల శ్రీరంగపట్నం పడిపోయిననాడు ఒక ఇంగ్లీష్ ఆఫీసర్ మనుషుల్ని పొడిచి ఎత్తుకపోయిండు. మొట్టమొదటి పేజీలల్నే ఉన్నది ఇది. అంటే పుస్తకం మొదలయ్యేదే అసలు దొంగతనంతోని, రేచల్ గదిల జరిగింది రెండోది. దాని ఎనుక ముగ్గురు బ్రాహ్మణులు సముద్రం దాటి, కులం పోగొట్టుకొని, గారడోళ్ళ వేషంల తిరుగుతుంటరు. వజ్రం పోంగనే ఇంట్ల అందరు వీళ్ళ దిక్కే సూస్తరు, పట్టుకపోయి లోపలేస్తరు. కాలిన్స్ తెలివి ఎక్కడంటే, తన పాఠకులు ఎవర్ని ముందుగాల అనుమానిస్తరో ఆయనకి ఎరుకే, ఆ అనుమానాన్నే తెర లెక్క అడ్డం పెట్టి దాని ఎనుక అసలు మనిషిని నిలబెట్టిండు. నేనైతే మొదటిసారి చదివినప్పుడు దొంగ ఎవరన్న బుగులు కంటే, ఆ ముగ్గురికి వాళ్ళ దేవుని సొమ్ము మళ్ళ దొరుకుతదా లేదా అన్న దాని మీదనే పానం కొట్టుకున్నది.


పాతకాపీ
సోమవారం, సాయంత్రం 5:10

చాలా బాగా చెప్పావమ్మా. కాలిన్స్ ముందుమాటలో తన వజ్రానికి ఆధారం రెండు రాజవజ్రాల కథలని చెప్పాడు, ఒకటి రష్యా రాజదండంలోది, రెండోది కోహినూర్. కోహినూర్ మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందనే చెప్తారు కదా. పంజాబును కలుపుకున్నాక 1850లో విక్టోరియా చేతికి వెళ్ళింది, 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో జనం బారులు తీరి చూశారు. కాబట్టి పదిహేడేళ్ళ తర్వాత ఈ నవల చదివినవాళ్ళకి ఇండియా నుంచి వచ్చిన వజ్రం అంటే కళ్ళతో చూసిన వస్తువే.


మంచుకొండ_మామిడి
సోమవారం, రాత్రి 11:55

ఇంగ్లండ్‌లో ఉంటున్నా, లేట్‌గా వచ్చా. ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్ గురించి ఎవరూ రాయలేదేంటి అని రాస్తున్నా. డాయిల్ ఇందులో మళ్ళీ సీరియల్‌కి వచ్చాడు, స్ట్రాండ్‌లో 1901 ఆగస్టు నుంచి 1902 ఏప్రిల్ దాకా తొమ్మిది భాగాలు. హోమ్స్‌ని 1893 డిసెంబర్ సంచికలో జలపాతంలో పడేశాక జనం దాదాపు ఎనిమిదేళ్ళు ఎదురుచూశారు. మొదటి భాగం చివర ఏముందో చూడండి. డాక్టర్ మార్టిమర్ అనే ఆయన వచ్చి, తన స్నేహితుడి శవం దగ్గర అడుగుజాడలు చూశానంటాడు. మగవాళ్ళవా ఆడవాళ్ళవా అని హోమ్స్ అడుగుతాడు. ఆయన గొంతు తగ్గించి, హోమ్స్ గారూ, అవి ఒక బ్రహ్మాండమైన వేటకుక్క అడుగులు అంటాడు. అక్కడ ఆపేశారు, తర్వాతి మాట నెల తర్వాత!

ఇంకో కిటుకు, హోమ్స్‌ని కథలోంచి తీసేయడం. వాట్సన్‌ని ఒక్కణ్ణే డార్ట్‌మూర్ పంపించి ఉత్తరాలు రాయిస్తాడు. తెలిసినవాడు పక్కన లేడు, తెలియనివాడు చూసిందే మనకి దిక్కు. రెండేళ్ళ కింద నేను ప్రిన్స్‌టౌన్ దగ్గర డార్ట్‌మూర్‌లో నడిచా, పొద్దున ఎండ బాగానే ఉంది, మధ్యాహ్నం పొగమంచు దిగింది. పది అడుగుల దూరంలో ఉన్న ఫ్రెండ్ కనపడలేదు, మాట వినపడుతోంది గానీ ఏ వైపు నుంచో తెలీదు, కాలి కింద నేల మెత్తగా దిగుతోంది. అప్పుడర్థమైంది నాకు, ఆ నవల్లో పొగమంచు చేసే పనీ వాట్సన్ చేసే పనీ ఒక్కటే.


వకీలు_కలం
మంగళవారం, ఉదయం 7:30

చిన్న సవరణ అండీ, విక్టోరియా రాణి పోయింది 1901 జనవరిలో, కాబట్టి ఆ నవల అచ్చయ్యేటప్పటికి విక్టోరియన్ కాలం దాటిపోయింది. కథ జరిగేది మాత్రం 1889లో, కాబట్టి దాన్ని ఇందులో కలపడానికి నాకు అభ్యంతరం లేదు.

అన్నట్టు అసలు ముగింపే లేని సస్పెన్స్ ఒకటుంది. డికెన్స్ ఎడ్విన్ డ్రూడ్ పన్నెండు భాగాలుగా వేద్దామనుకుని 1870 ఏప్రిల్‌లో మొదలుపెట్టాడు, జూన్ 9న పోయాడు, ఆరు భాగాలకి సరిపడానే మిగిలింది. కథలో మాయమైన ఆ కుర్రాడు ఎడ్విన్ ఏమయ్యాడో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నేను రెండుసార్లు చదివాను, రెండుసార్లూ ఆఖరి పేజీ తర్వాత అట్ట తిప్పి చూశాను.


చైతూ_99
మంగళవారం, రాత్రి 9:15

అందరికీ థాంక్స్. ఆపేసిన క్లాక్ భాగం మళ్ళీ తీశా. ఇక్కడినుంచి పెద్ద స్పాయిలర్, మూన్‌స్టోన్ చదవనివాళ్ళు దయచేసి దాటేయండి.

క్లాక్ అయిపోయి, లాయరు భాగం అయిపోయి, ఫ్రాంక్లిన్ స్వయంగా చెప్పడం మొదలుపెట్టాడు. పోయిన నైట్‌గౌను సముద్రం ఒడ్డున ఊబిలా ఉండే ఆ వణికే ఇసుకలోంచి బయటికి లాగాడు, దాని మీద రంగు మరక ఉంది. గుడ్డ మీద పేరు కుట్టి ఉంటుంది కదా అని వెతికాడు. తన పేరే ఉంది!! దొంగని వెతుకుతున్నవాడే దొంగ, ఆ సంగతి వాడికే తెలీదు. నేను మంచం మీద లేచి కూర్చున్నా. అప్పుడు వెనక్కెళ్ళి చూస్తే ఎవరూ అబద్ధం చెప్పలేదు, పాలమూరు అక్క చెప్పిన ఆ రూల్ వల్లే ఇది నిలబడింది. వాళ్ళ వాళ్ళ వంతు వచ్చేదాకా ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పారు. క్లాక్ భాగం సాగిందని అన్నా కదా, ఇప్పుడు అది ఉండాలనే అనిపిస్తోంది, రేచల్ అంతకాలం నోరు విప్పకపోవడం మనకి బరువుగా తెలియాలంటే అంతసేపు పట్టాలి.


అద్దెపుస్తకం
మంగళవారం, రాత్రి 10:20

చైతూ, అక్కడ నీకు ఇంకో సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో కాలిన్స్ కీళ్ళ జబ్బుతో మంచం పట్టాడు, మరోపక్క తల్లి చావుబతుకుల్లో ఉంది, 1868 మార్చిలో పోయింది. 1871 నాటి ముందుమాటలో ఆయనే రాశాడు, నొప్పి తగ్గిన కాసేపట్లో పడుకునే కథ చెప్పి రాయించానని, పాఠకులు ఎదురుచూస్తున్నారన్న బాధ్యతే తనని నిలబెట్టిందని. నొప్పికి నల్లమందు ద్రావకం తాగేవాడు. ఆ నల్లమందే కథలో ఏ పని చేస్తుందో నువ్వు రెండు రోజుల్లో చూస్తావు, నేను చెప్పను.

రాత్రిబండి గారూ, మీకో సలహా. ఇంట్లో ఎవరికైనా దీన్ని వారం వారం చదివి వినిపించండి, ఏకబిగిన వద్దు. తేడా మీకే తెలుస్తుంది.


రాత్రిబండి
ఆరు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:05

అద్దెపుస్తకం గారూ, మీరు చెప్పినట్టే చేస్తున్నా. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి కొన్ని చాప్టర్లు తెలుగులో చెప్తున్నా, చదువుకుంటూ అప్పటికప్పుడు తెలుగు చేసి. మొదటి రెండు వారాలు ఊ కొట్టింది అంతే. బెటరెడ్జ్ మాత్రం బాగా నచ్చాడు, మా తాతయ్య లాగే మాట్లాడుతున్నాడంది. మూడో వారం వజ్రం పోయింది, ఆ బుధవారం తనే ఫోన్ చేసి ఆ గారడీవాళ్ళు తీసుండరు, అంత తేలిగ్గా అయితే ఇంత పుస్తకం ఎందుకు రాస్తాడు అంది. నాలుగో వారం కఫ్ వచ్చాడు, రంగు మరక లెక్క రెండుసార్లు చెప్పించుకుంది, కాగితం మీద రాసుకుంది కూడా.

ఇవాళ ఆగిన చోటు, రేచల్ ఎవరితోనూ మాట్లాడనంటోంది, గది తలుపు వేసుకుంది, పోలీసుల్ని పిలిపించిన ఫ్రాంక్లిన్ మీద మండిపడుతోంది. ఇక్కడ ఆపుతున్నానమ్మా అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, వజ్రం పోయింది ఆ పిల్లది, వెతికి పెడతానని తిరుగుతున్నది అతను, మరి అతని మీదే ఎందుకురా అంత కోపం? ఆ పిల్ల ఏదో చూసింది అంది.

నేనేమీ అనలేదు. నీకు తెలుసు కదా, చెప్పు అంది. వచ్చే ఆదివారం అన్నా.


పాలమూరు_పిల్ల
ఆదివారం, రాత్రి 10:12

అయ్యో అమ్మకి నా దండాలు జెప్పు అన్నా! ఒక్క ముక్క కూడ జెప్పకు. వచ్చే ఆదివారం ఏమన్నదో ఇక్కడ రాయి, మేం అందరం సూస్తుంటం.